గుడ్డబొమ్మ తలకి వెల కట్టేదెవరు?

ఆటబొమ్మ, కీలుబొమ్మ, కొలువులో కూచోబెట్టిన బొమ్మ, తలాడించే తంజావూరు బొమ్మ. మన స్త్రీల కవిత్వంలో, కథల్లో బొమ్మ కనిపించిందంటే దాదాపు ప్రతిసారీ అది ఒక తిట్టే. ఇబ్సెన్ నాటకంలో నోరా 1879లో తలుపు వేసుకుని వెళ్లిపోయినప్పటి నుంచీ "నేను బొమ్మను కాను, మనిషిని" అన్న మాట ఎన్నో దేశాల స్త్రీల నోట పలికింది. మనమూ పలికాం. ఆ మాట అవసరమే, దాన్ని వెనక్కి తీసుకోమని నేననడం లేదు. నా పేచీ వేరు. ఆ పోలికలో బొమ్మతో ఆడుకునేవాడున్నాడు, కొనేవాడున్నాడు, అలంకరించి చూసుకునేవాడున్నాడు. చేసిన మనిషి మాత్రం లేదు. బొమ్మ అంటే బుర్ర లేనిది అనుకోవడం మనకి ఎంత అలవాటైపోయిందంటే, ఆ బుర్రని గంటల తరబడి కూర్చుని తయారుచేసింది ఇంకో స్త్రీ అన్న సంగతి మన విమర్శ దాకా రాలేదు.

ముఖ్యంగా గుడ్డబొమ్మ విషయంలో. కొయ్యబొమ్మకి ఊరు ఉంది, పేరు ఉంది. కొండపల్లి అంటాం, ఏటికొప్పాక అంటాం, నిర్మల్ అంటాం. గుడ్డబొమ్మకి ఊరు లేదు. అది "ఇంట్లో ఆడవాళ్లు పాతగుడ్డలతో ఊరికే చేసేది". ఆ "ఊరికే" అన్న మాట మీదే నా గొడవంతా. ఊరికే చేసేది కాబట్టి కళ కాదు, కళ కాదు కాబట్టి చేసినామె కళాకారిణి కాదు, కళాకారిణి కాదు కాబట్టి ఆమెకి కార్డు లేదు, రుణం లేదు, సంతలో చోటు లేదు. ఇంత పెద్ద మెట్లవరస ఒక్క చిన్న మాట మీద నిలబడి ఉంది.

ఈ మాట మాట్లాడడానికి ఆదోని, ఎమ్మిగనూరులకన్నా తగిన చోటు నాకు తోచదు. కర్నూలు జిల్లా పడమటి అంచున, కన్నడ తెలుగులో కలిసిపోయే చోట, ముప్పై కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఊళ్లు. ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఆదోనిలో పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. ఎమ్మిగనూరులో మగ్గాలు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం దుప్పట్లు, తువ్వాళ్లు ఎమ్మిగనూరు పేరును దూరదేశాలకి తీసుకుపోయాయి. ఒక ఊళ్లో దూది, ఇంకో ఊళ్లో గుడ్డ. గుడ్డబొమ్మకి ఇంకేం కావాలి?

కానీ ఈ రెండు ఊళ్ల చరిత్ర ఎవరు చెప్పినా అందులో మిల్లు యజమానులుంటారు, వ్యాపారులుంటారు, నేతగాళ్లుంటారు. చేలో పత్తి ఏరే చేతులు, జిన్నింగు మిల్లుల్లో దూదిధూళి పీలుస్తూ పనిచేసే చేతులు, కండెలు చుట్టే చేతులు ఎవరివి? 2019-20 జాతీయ చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు నేత, అనుబంధ కార్మికులున్నారని, వాళ్లలో నూటికి డెబ్భై మందికి పైగా స్త్రీలేనని తేల్చింది. అయినా "నేతన్న" అన్న మాటే పథకాల పేర్లకెక్కుతుంది. అసలు నేత దగ్గరే ఆమె లెక్క ఇలా ఉంటే, ఆ నేత మిగిల్చిన తుంపులతో చేసిన బొమ్మ దగ్గర ఆమెకి లెక్కేముంటుంది?

అందుకే ముందు ఆ బొమ్మ తల ఎలా తయారవుతుందో చెప్పాలి. "ఊరికే" అన్న మాటకి అదే నా మొదటి జవాబు.

మా మేనత్తది ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇల్లు. ఆమె దగ్గర నేను చూసిందే రాస్తున్నాను. పిల్లలందరం బొమ్మకి ముందు కళ్లు, మూతి పెట్టమని గోల చేసేవాళ్లం. "మే, మొగం తర్వాత. ముందు మెడ సూడు. మెడ నిలబడకపోతే నువ్వెంత సక్కని మొగం పెట్టినా నేల సూపులే" అనేది. గుడ్డబొమ్మలో కష్టమంతా అక్కడే ఉంది. కాళ్లు చేతులు గొట్టాల్లా కుట్టి దూది కూరితే సరిపోతుంది. తల అలా కాదు. చదునుగా ఉండే గుడ్డని అన్ని వైపులా గుండ్రంగా తిప్పాలి, ముడతలు ముఖం మీదికి రాకుండా చూడాలి, ఆ బరువుని సన్నటి మెడ మీద నిలబెట్టాలి.

మొదట గుడ్డ ఎంపిక. పడుగు వైపు గుడ్డ సాగదు, పేక వైపు కాస్త సాగుతుంది, ఐమూలగా పట్టి లాగితే అన్నిటికన్నా ఎక్కువ సాగుతుంది. మగ్గం ఇంట్లో పుట్టిన ఆడపిల్లకి ఇది వేళ్లకే తెలుస్తుంది. తలకి కోసిన ముక్క ఐమూలగా పడిందా, దూది కూరేకొద్దీ ఒకవైపు ఉబ్బి తల సొరకాయలా తయారవుతుంది. పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటే బుగ్గల దగ్గర కొంచెం సాగి, నుదురు గడ్డాల మధ్య బిగువుగా నిలబడుతుంది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది కాబట్టి అది వంగదు. బాగా ఉతికిన నూలుగుడ్డ కావాలి. అదీ మరీ నలిగిపోయిందైతే పిగిలిపోతుంది.

తర్వాత దూది. గుప్పెడు దూది ఒకేసారి కుక్కితే లోపల గడ్డలు కడుతుంది. గింజ, నలక లేకుండా ఏరి, పింజెలు పింజెలుగా విడదీసి, ముందొక గట్టి ఉండ చేయాలి. దాని మీద పాతగుడ్డ పేలికలు చుట్టి, దారంతో బిగించాలి. ఆ ఉండకి సరిగ్గా సగం ఎత్తులో అడ్డంగా ఒక దారం బిగించి కడితే అక్కడ చిన్న పల్లం పడుతుంది. కళ్లు ఉండాల్సింది ఆ గీత మీద. నేర్చుకునేవాళ్లు కళ్లు ఎప్పుడూ పైన పెడతారు, నుదురు పోయి బొమ్మ ముసలిదైపోతుంది. మనిషి ముఖంలో కళ్లు తలకి నడిమధ్యన ఉంటాయని చిత్రకళ పాఠశాలల్లో నేర్పుతారు. మా మేనత్త ఏ పాఠశాలకీ పోలేదు. "పసిబిడ్డ మొగానికి ఆ గీత ఇంకో గింజంత కిందికి దించు" అనేది.

మెడకి కందికట్టె పుల్ల. దాని కొసలు నున్నగా గీకి, మొనలు పొడుచుకురాకుండా పేలిక చుట్టి, సగం తలలోకీ సగం మొండెంలోకీ పోనివ్వాలి. ముక్కుకి జొన్నగింజంత దూది ఉండ, పై గుడ్డ కిందగా. పై గుడ్డ ముఖం మీద బిగువుగా పరిచి, కుచ్చులన్నీ తల వెనక్కి లాగి కుట్టేయాలి, ఆ కుట్లని జుట్టు కప్పేస్తుంది. చివరికి తల వెనకనుంచి సూది దూర్చి, కంటి చోట బయటికి తీసి, మళ్లీ వెనక్కి లాగితే కనుగుంట పడుతుంది. ఆ లాగడం ఎంతో చెప్పే కొలత లేదు. కొంచెం ఎక్కువైతే బొమ్మకి జబ్బుచేసిన చూపు, తక్కువైతే చూపే లేదు.

గణితం, బట్ట గుణం, బరువు, ముఖనిర్మాణం. ఇవన్నీ ఒక పిడికెడు తలలో ఉన్నాయి. దీన్ని పనితనం అనకపోతే పనితనం అంటే ఏమిటి?

గుడ్డ ఎక్కడినుంచి వస్తుందన్నది ఇంకో కథ. పాత నూలుచీర ఇంట్లో ముందు పసిబిడ్డకి పొత్తిగుడ్డ అవుతుంది, ఆ తర్వాత మనం ఇప్పటికీ దాచుకుని ఆరేసే నెలసరి గుడ్డ అవుతుంది, బొంతలోకి పోతుంది, మసిగుడ్డ అవుతుంది, దీపానికి వత్తి అవుతుంది. వీటన్నిటినీ తప్పించుకుని మిగిలిందే బొమ్మకి వస్తుంది. అంటే ఒక చీర ఎన్ని పనులు చేయగలదో మొత్తం లెక్క తెలిసిన మనిషే బొమ్మ చేస్తుంది. దాన్ని మనం "చెత్త నుంచి చేసింది" అంటాం. చీరలు పాలిస్టరైపోయాక ఆ గుడ్డ జారుతుంది, కుట్టు నిలవదు, వంపు తిరగదు. నూలు పోవడం వల్ల మగ్గానికి వచ్చిన కష్టం గురించి ఎన్నో రాశాం. బొమ్మకి వచ్చిన కష్టం గురించి ఎవరు రాశారు?

ఇప్పుడు గుర్తింపు దగ్గరికి వద్దాం. కొండపల్లి పొణికి కొయ్య, ఏటికొప్పాక అంకుడు కర్ర, లక్క రంగులు ఎంత గొప్పవో నాకు తెలుసు. ఆ పనివాళ్లమీద నాకు గౌరవమే. ఏటికొప్పాక సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నిమ్మలకుంట తోలుబొమ్మల దళవాయి చలపతిరావుగారికి 2020లో వచ్చింది. సంతోషమే. ఆ కళలకి భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ ఈ గుర్తింపులన్నిటి వెనక ఒక ఊహ పనిచేస్తోంది. కళ అంటే ఫలానా ఊరిది, ఫలానా వంశానిది, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, చిత్రిక పట్టాల్సింది, చక్రం మీద తిప్పాల్సింది. అత్త నుంచి మేనకోడలికి, అవ్వ నుంచి మనవరాలికి, పెళ్లయి వెళ్లిన ఊరికి ఆమెతోపాటు నడిచి వెళ్లే విద్యకి ఊరు ఎలా చూపిస్తారు? ఆడపిల్ల పుట్టిల్లు మారుతుంది కాబట్టి ఆమె విద్యకి "భౌగోళికం" లేదు. ఇది ఆ విద్య లోపం కాదు, కొలబద్ద లోపం.

కొన్నేళ్ల క్రితం ఒక హస్తకళల ప్రదర్శనకి ఇద్దరు ముగ్గురు స్త్రీలు చేసిన గుడ్డబొమ్మలు పట్టుకుని వెళ్లాను. అక్కడ బల్లలు కేటాయించే ఆయన ఒక బొమ్మని తలపట్టుకుని ఎత్తి చూసి, "బాగుందమ్మా, కానీ ఇది హస్తకళ కాదు. కుట్టుపని. అప్పడాలు, పచ్చళ్ల వరసలో పెట్టుకోండి" అన్నాడు. అప్పడాలు చేసే స్త్రీల పక్కన కూర్చోవడం నాకేమీ చిన్నతనం కాదు. కానీ ఆ వాక్యం వెనక ఉన్న విభజన చూడండి. ఉలి పట్టుకుంటే కళ, సూది పట్టుకుంటే కుట్టుపని!

దీనివల్ల నష్టం మనసు నొచ్చుకోవడంతో ఆగితే నేనింత రాయక్కర్లేదు. చట్టం కూడా ఇదే విభజన మీద నడుస్తోంది. బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2020లో వచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మ ఏదైనా అమ్మాలంటే ఐఎస్ఐ గుర్తు ఉండాలి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకి, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకి దీన్నుంచి మినహాయింపు ఇచ్చారు. పసిపిల్ల నోట్లో పెట్టుకునే వస్తువు క్షేమంగా ఉండాలని ఎవరు కాదంటారు? గుండీ కన్ను ఊడి గొంతులో పడితే ప్రాణం పోతుంది. మా మేనత్త అందుకే గుండీలు పెట్టేది కాదు, నల్లదారంతో కళ్లు కుట్టేది. నా ప్రశ్న క్షేమం గురించి కాదు. ఆ మినహాయింపు ద్వారం గురించి. కార్డున్న మనిషి బొమ్మ చట్టబద్ధం, కార్డు లేని మనిషి బొమ్మ చట్టవిరుద్ధం. "ఊరికే చేస్తుంటాం" అని తన పనిని తానే కొట్టిపారేసేలా పెంచిన స్త్రీ ఏ కార్యాలయానికి వెళ్లి "నేను కళాకారిణిని" అని దరఖాస్తు రాస్తుంది? రాసినా, సూదిని చూసి "కుట్టుపని" అనే మనిషి బల్లకి అవతల కూర్చుని ఉంటే?

ఇక 2023 సెప్టెంబర్ 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం. అందులోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. పనిముట్లకి 15 వేలు, తక్కువ వడ్డీకి రెండు విడతల్లో మూడు లక్షల దాకా రుణం. వినడానికి బాగుంది. కానీ నిబంధన చదవండి. ఒక కుటుంబంలో ఒక్కరికే. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఇంట్లో మగమనిషి మేస్త్రీగానో వడ్రంగిగానో దర్జీగానో నమోదైతే ఆమె బొమ్మలకి తలుపు మూసుకున్నట్టే. ఎవరి పేరు రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మన ఇళ్లలో ఎవరి పేరు రాస్తారో నేను వేరే చెప్పాలా? విద్య ఆమె చేతిలో ఉంటుంది, వృత్తి మాత్రం కుటుంబానిది. పథకం మాటల్లో గురుశిష్య పరంపర ఉంది. మేనత్త, మేనకోడలు ఏ పరంపర కిందికి వస్తారు?

ఒకవైపు ఇలా ఉంటే ఇంకోవైపు అంగన్‌వాడీ. బొమ్మలతో చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక గట్టిగా అంటున్నారు. మంచిదే. కానీ బోధనోపకరణాలంటే శిక్షణల్లో ఎన్నాళ్లుగానో వినపడే మాట "ఖర్చు లేనివి, తక్కువ ఖర్చువి" అని. పాతగుడ్డలతో బొమ్మలు చేసుకుని కేంద్రంలో పెట్టుకోమని టీచర్‌కి చెప్తారు. ఎవరికి ఖర్చు లేదు? రాత్రి ఇంటి పనంతా అయ్యాక దీపం కింద ఆమె పెట్టిన మూడు గంటలు ఎవరి ఖాతాలో రాయాలి? ప్లాస్టిక్ బొమ్మ కొంటే బిల్లు ఉంటుంది. గుడ్డబొమ్మకి బిల్లు లేదు. గౌరవవేతనం అన్న మాటలాగే ఇది కూడా స్త్రీ శ్రమకి మర్యాదగా సున్నా చుట్టే పద్ధతి.

ఈ సున్నా వెనకున్న తర్కం మా జిల్లాకి కొత్త కాదు. 1990ల చివర, 2000ల మొదట్లో కర్నూలు జిల్లా హైబ్రిడ్ పత్తి విత్తన క్షేత్రాల్లో పనిచేస్తున్నవాళ్లలో ఎక్కువమంది పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలేనని పరిశోధకులు బయటపెట్టారు. మొగ్గ విప్పి పుప్పొడి తీసేయడం, మర్నాడు ఇంకో పువ్వు పుప్పొడి అద్దడం. ప్రతి పువ్వుకీ విడిగా, చేత్తో. ఆడపిల్లల్నే ఎందుకు పెట్టుకున్నారంటే, "వాళ్లవి చిన్న వేళ్లు, ఓపిక ఎక్కువ" అనేవారు. జాగ్రత్తగా వినండి ఆ మాట. నేర్చుకున్న నైపుణ్యాన్ని పుట్టుకతో వచ్చిన గుణంగా మార్చేశారు. పుట్టుకతో వచ్చినదానికి కూలి ఎందుకివ్వాలి? గుడ్డబొమ్మ దగ్గర జరిగేదీ ఇదే. "ఆడవాళ్లకి అలాంటివి బాగా వచ్చు" అంటే పొగడ్త కాదు, వెల ఎగ్గొట్టే ఎత్తుగడ. ఆ చేలల్లో వేళ్లు అరగదీసుకున్న పిల్లలకి బొమ్మ చేసుకునే వయసు, తీరిక, ఒక గుడ్డముక్క దక్కాయా అన్నది కూడా ఈ వ్యాసంలో ఉండాల్సిన ప్రశ్నే. పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో గుంటూరు మిరపచేలకి వలసపోయే కుటుంబాల ఆడపిల్లలకి కూడా.

గుడ్డబొమ్మ తల ఒక ఆవిష్కరణ అని చట్టం ఒప్పుకున్న సందర్భాలు లేకపోలేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఇజాన్నా వాకర్ అనే ఆమె గుడ్డబొమ్మ తయారీ పద్ధతికి 1873లో పేటెంటు తీసుకుంది. జర్మనీలో కేథె క్రూజె తన గుడ్డబొమ్మల్ని కాపీ కొట్టిన పెద్ద బొమ్మల కంపెనీ మీద 1920లలో కోర్టుకెళ్లి గెలిచింది. బొమ్మ కూడా కళాకృతే, చేసినామెకి దాని మీద హక్కుందని ఆ కేసు తేల్చింది. పడమటి దేశాలన్నీ స్వర్గమని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవే దేశాల బొమ్మల లేత గులాబీ ముఖం, పసుపు జుట్టు మన కుట్టు శిక్షణ కేంద్రాల నమూనాల్లోకి కూడా దిగి, ఎండలో పత్తి ఏరే పిల్ల చేతికి ఆమెలా లేని బొమ్మని ఇచ్చాయి. నేను చెప్పేది ఇంతే. చూడదలుచుకుంటే చట్టానికి సూదిపని కనపడుతుంది.

ఇంతదాకా చదివి కొందరు మిత్రులు రెండు అభ్యంతరాలు చెప్తారని తెలుసు. బొమ్మల పెళ్లిళ్లు చేయించి ఆడపిల్లని సంసారానికి తర్ఫీదు చేసేది బొమ్మే కదా, దాన్ని నెత్తికెత్తుకోవడమేమిటి అన్నది మొదటిది. నిజమే, ఆట ఆ పని చేస్తుంది. కానీ ఆడడం వేరు, చేయడం వేరు. పెళ్లిపీటల మీద కూచోబెట్టేటప్పుడు పిల్ల నేర్చుకునేది అణకువ. తల నిలబెట్టేటప్పుడు నేర్చుకునేది లెక్క, ఓర్పు, తన చేతిమీద నమ్మకం. రెండోదాన్ని మొదటిదాంతో కలిపి పారేస్తే నష్టపోయేది మనమే. ఇంటిచాకిరీనంతా కళ అని కీర్తిస్తే స్త్రీలని మళ్లీ ఇంట్లోనే కూచోబెట్టినట్టు కాదా అన్నది రెండో అభ్యంతరం. నేను కీర్తించమనడం లేదు. లెక్కకట్టమంటున్నాను. కీర్తికి డబ్బు అక్కర్లేదు కాబట్టే అది స్త్రీలకి ఇంత ధారాళంగా దొరుకుతోంది.

1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు చేసింది, స్త్రీల దగ్గరికి వెళ్లి అడగడం. తెలంగాణ సాయుధ పోరాటం గురించి అడిగారు. ఆ అడగడం పోరాటాల దగ్గర ఆగక్కర్లేదు. ఈ దూది ఎలా ఏరతావు, ఈ మెడ ఎలా నిలబెడతావు, ఎవరు నేర్పారు, ఎంతకి అమ్మావు అని అడిగినా అది చరిత్రే. బొమ్మ చేసే చేతుల్లో నేతకులాల చేతులున్నాయి, దూదేకుల చేతులున్నాయి, పాతచీర కూడా అడిగి తెచ్చుకోవాల్సిన దళిత స్త్రీల చేతులున్నాయి. వాళ్లందరి జవాబులూ ఒకటి కావు. విశ్వవిద్యాలయాల్లో జానపద విజ్ఞానం చెప్పే స్త్రీలు, కథలు రాసే స్త్రీలు ఈ పని మొదలుపెట్టాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి కూడా పెద్ద పెద్దవేం కాదు. హస్తకళల శాఖ వాళ్లే ఊళ్లకి వచ్చి గుడ్డబొమ్మలు చేసే స్త్రీలకి వాళ్ల పేరు మీద కార్డులివ్వాలి. విశ్వకర్మలో కుటుంబానికొక్కరన్న నిబంధన తీసేసి మనిషిని మనిషిగా నమోదు చేయాలి. అంగన్‌వాడీకి కావల్సిన బొమ్మల్ని ఆ ఊరి స్త్రీల దగ్గర బిల్లు రాసి కొనాలి. టీచరే చేస్తే ఆ గంటలకి ఆమెకి డబ్బివ్వాలి. ఆ బిల్లులో దూదికి ఇంత, గుడ్డకి ఇంత అని రాసి ఆపకూడదు. తల చేయడానికి పట్టిన మూడు గంటలకి ఇంత అని ఇంకో గీత ఉండాలి. ఆ గీత రాసేదాకా ఈ గొడవ మానక్కర్లేదు.